మా అమ్మాయికి జరిగిన సన్మానాలు

మా అమ్మాయి ధాత్రికి ఎనిమిదేళ్లు నిండేసరికి ఇంట్లో శాలువాలు పెట్టడానికి బీరువా చాలలేదు. జ్ఞాపికలు మంచం కింద సర్దాం. గంధపు దండలు తలుపు వెనక మేకుకి తగిలించాం. జీవితమంతా హరికథలు చెప్పి ముసలివాడైన పక్కవీధి భాగవతార్ గారు ఒకరోజు మా ఇంటికొచ్చి, అవన్నీ చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆయనకి జరిగింది ఒకటే సన్మానం. దానికీ శాలువా ఆయనే కొనుక్కున్నారని చెప్పుకుంటారు.

ఇంత చిన్న వయసులో ఇంత కీర్తి ఎలా వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. కౌన్సెలింగ్ కోసం వెళ్లడం వల్ల వచ్చింది.

మాది బస్టాండు ఎదురుగా కర్రీ పాయింటు. నేను వండుతాను, మా ఆయన సత్తిబాబు పొట్లాలు కట్టి అమ్ముతాడు. ధాత్రి మాకు ఒక్కతే పిల్ల. మాటలు తక్కువ. చప్పుడంటే పడదు. కుక్కరు కూత వేసిందంటే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరుతుంది. కర్టెన్ అంచు వేళ్ల మధ్య పెట్టుకుని రుద్దుకుంటూ కూర్చుంటే పూటంతా గడిచిపోతుంది. తెల్లటి తిండి తప్ప తినదు. అంచేత కూరలమ్మే ఇంట్లో పుట్టి పెరుగన్నంతో పెరుగుతోంది. మా కళ్లలోకి చూడదు గానీ, నేను అలిసిపోయి చతికిలబడితే వచ్చి నా వీపుకి వీపు ఆనించి కూర్చుంటుంది. మా ఇద్దరికీ అది చాలు.

పెద్ద ఊళ్లో డాక్టరు గారికి చూపిస్తే, "ఇది జబ్బు కాదమ్మా, పిల్ల తీరే అంత. బాగుచెయ్యాల్సిందేమీ లేదు. తనతో ఎలా మసలుకోవాలో మీరూ, బడివాళ్లూ తెలుసుకుంటే సరిపోతుంది. మీ ఊళ్లోనే కొత్తగా కేంద్రం పెట్టారు. అక్కడ కౌన్సెలర్ ఉంటారు, కలవండి" అన్నారు.

బడివాళ్ల సంగతి అప్పటికే తేలిపోయింది. వేసవి సెలవులిచ్చే రోజున హెడ్ మేడమ్ ఝాన్సీ గారు నన్ను పిలిపించారు.

"సులోచన గారూ, నాకు పిల్ల మీద కోపం లేదండి. గంట కొట్టగానే చెవులు మూసుకుని గేటు దాటి రోడ్డు మీదకి పరిగెత్తేస్తోంది. ఇసక లారీలు తిరిగే రోడ్డది. మొన్న ఆయమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. నాకేం చెయ్యాలో తెలీదు. తెలిసినవాళ్లెవరైనా వచ్చి చెబితే చేస్తాను. లేదంటే బడి తెరిచాక తీసుకురాకండి. ఆ పాపం నేను మొయ్యలేను."

ఆవిడ మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అంచేత ఏడుపొచ్చింది. కేంద్రం నుంచి ఎవరో ఒకరు వచ్చి, బడి తెరిచేలోగా ఝాన్సీ మేడమ్‌తో కూర్చుని మాట్లాడాలి. నాక్కావలసింది అంతే.

కేంద్రం పేరు సమ్మిళిత బాల ఆదరణ కేంద్రం. అంతకుముందు అది కల్యాణ మండపం. పిల్లల కేంద్రానికి కల్యాణ మండపం ఎందుకని అడిగితే, వేదిక ఉంది కనక అన్నారు. గుమ్మంలో పెద్ద బోర్డు మీద పైనుంచి వచ్చిన ఆదేశాలు అందంగా రాసిపెట్టారు. ప్రతి బిడ్డనీ ఉన్నది ఉన్నట్టుగా ఆమోదించాలి. భిన్నత్వాన్ని లోపంగా చూడకూడదు. కుటుంబం ఇక్కడ తమని ఎవరూ తప్పుపట్టరన్న ధైర్యంతో అడుగుపెట్టాలి. చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. ఆ ముక్కలు రాసినవాళ్లు ఎవరో గానీ నిజంగా మంచివాళ్లు. వాళ్లకి మా కేంద్రం సంగతి ఇప్పటికీ తెలీదని నా నమ్మకం.

ఆ ఆదేశాలు అమలుచేసే బాధ్యత ప్రత్యేకాధికారి భీమశంకరం గారిది. ఆయన అంతకుముందు పాతికేళ్లు ఉత్సవాలూ వారోత్సవాలూ నిర్వహించే శాఖలో పనిచేశారు. బిడ్డని ఆమోదించాలని ఆదేశం రాగానే ఆయనకి ఒక ధర్మసందేహం కలిగింది. ఆమోదించినట్టు పైవాళ్లకి రుజువేమిటి? మనసులో ఆమోదిస్తే ఫోటోలో పడదు. ఆయన అనుభవంలో ఒక మనిషిని ఆమోదించినట్టు ఫోటోలో స్పష్టంగా పడే పద్ధతి ఒక్కటే. కుర్చీ, శాలువా, దండ, జ్ఞాపిక, చప్పట్లు.

మేము లోపల అడుగుపెట్టగానే గుమ్మం పక్కన సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకున్నాయి. ధాత్రి చెవులు మూసుకుని నా కొంగులో తల దూర్చింది. ఎవరో మమ్మల్ని వేదిక మీదకి నెట్టారు. భీమశంకరం గారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"సభకు నమస్కారం. భిన్నత్వమే బలంగా, బలమే భవితగా భాసిల్లుతున్న ఈ చిన్నారిని, ఉన్నది ఉన్నట్టుగా, ఎంతమాత్రమూ మార్పుచేర్పులు లేకుండా ఆమోదించే సువర్ణావకాశం ఈ కేంద్రానికి దక్కినందుకు మనమంతా ఎంతగానో గర్విస్తున్నామని ఈ సందర్భంగా సవినయంగా మనవి చేస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ఆయన శాలువా విప్పి కప్పబోయేసరికి ధాత్రి కెవ్వుమని అరిచి, దాన్ని విసిరికొట్టి, వేదిక మీది బల్ల కిందకి దూరింది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

"చూశారా! తన ఆసనాన్ని తానే ఎంచుకుంది!" అన్నారు భీమశంకరం గారు.

ఆ హోరు అణిగాక నేను ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, కౌన్సెలింగ్ మేడమ్ గారు ఎక్కడుంటారండి?" అని అడిగాను.

"మైకు దగ్గర వ్యాఖ్యానం చేస్తున్నది ఆవిడేనమ్మా."

ఆవిడ పేరు గ్రేస్ మాధురి. చిన్న వయసు. ఈ పిల్లల గురించే పెద్ద చదువు చదువుకుని వచ్చింది. చేరిన రోజున భీమశంకరం గారు ఆవిడ గొంతు విని, ఇంత మంచి గొంతుని నాలుగు గోడల మధ్య ఒకరిద్దరితో మాట్లాడించడం ప్రభుత్వ వనరుల్ని వృథా చెయ్యడమేనని నిర్ణయించి మైకిచ్చారు. కౌన్సెలింగ్ గది చూపించమంటే ఆవిడ తలుపు తీసి చూపించింది. నేల నుంచి కప్పు దాకా శాలువాల కట్టలు. కౌన్సెలర్ కూర్చునే కుర్చీ ఎక్కడో అడుగున ఉందట.

"మా అమ్మాయి గురించి ఒక్క అరగంట మాట్లాడాలండి" అన్నాను.

"నాక్కూడా మాట్లాడాలనే ఉందండి" అని ఆవిడ అటూ ఇటూ చూసింది. "కానీ సార్ ఒప్పుకోవాలి."

సార్ ఒప్పుకోలేదు. "ముందు ఆమోదం, ఆ తరవాత అవగాహన, ఆపైన ఆలంబన. ఆమోదం పూర్తికాకుండా కౌన్సెలింగ్ మొదలుపెడితే ఆడిట్‌లో ఏం సమాధానం చెప్పమంటారమ్మా?"

"ఇప్పుడు సన్మానం అయిపోయింది కదండి?"

"ఎక్కడైంది? శాలువా భుజాల మీద ఉండాలి. ముఖం కెమెరా వైపు ఉండాలి. ఫోటోలో బల్ల గుడ్డ తప్ప ఇంకేమీ పడలేదు. వచ్చే వారం మళ్లీ ఆమోదిద్దాం."

ఇంటికొచ్చాక ధాత్రి రెండు రోజులు నోరు విప్పలేదు. అన్నం ముద్ద కూడా కష్టం మీద తింది. మళ్లీ తీసుకెళ్లకుండా ఉండాల్సింది. కానీ బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది, నాకు దారి ఇంకోటి కనపడలేదు.

రెండోసారి నేను ముందే జాగ్రత్తపడి, "మా పిల్లకి చప్పట్లూ, మేళమూ పడవండి" అని చెప్పాను. భీమశంకరం గారు ఆ మాట ఎంతో శ్రద్ధగా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఏం చెప్పినా శ్రద్ధగా వింటారు, విన్నదాన్ని వెంటనే అమలుచేస్తారు. ఆ అమలుతోనే మాకు తలప్రాణం తోకకొచ్చింది. చప్పట్ల ప్రత్యామ్నాయ ఉపసంఘం వేసి, చప్పట్లకి బదులు చేతులు పైకెత్తి ఊపాలని తీర్మానం చేయించారు. మేళం వాళ్లని రద్దుచెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు కనక, వాళ్లు చప్పుడు లేకుండా వాయించాలన్నారు.

మేము వెళ్లేసరికి సన్నాయి ఆయన ఊదకుండా బుగ్గలు పూరించి నిలబడి ఉన్నాడు. డోలాయన గాల్లో దరువు వేస్తున్నాడు. లోపల జనం చేతులు పైకెత్తి ఊపుతున్నారు. నిజంగానే ఎక్కడా చప్పుడు లేదు. ధాత్రి చెవుల మీంచి చేతులు తీసి చుట్టూ చూసింది. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు భీమశంకరం గారు మైకు అందుకున్నారు.

"చాలదు! ఇంకా గట్టిగా! వెనక వరసలో నిశ్శబ్దం సరిగ్గా వినపడటం లేదు! అందరూ ముక్తకంఠంతో నిశ్శబ్దం పాటించవలసిందిగా కోరుతున్నాను!"

లౌడు స్పీకరు కీచుమంది. ధాత్రి బల్ల కిందకి వెళ్లిపోయింది.

బయటికొస్తుంటే డోలాయన నన్ను ఆపి, "ఏవండి, ఇలా వాయించకుండా వాయించి వాయించి సేతులు లాగేత్తన్నాయండి. ఎప్పటికి అయిపోద్దండి మీ పిల్ల సన్మానం?" అని దీనంగా అడిగాడు.

"ఫోటో పడితే అయిపోద్దండి" అన్నాను.

"ఆయ్, అయితే ఫోటో పడాలని మా వీరమ్మ తల్లికి మొక్కుకుంటానండి" అన్నాడాయన.

మూడోసారికి భీమశంకరం గారు సమస్య మూలంలోకి వెళ్లారు. బిడ్డ బల్ల కింద కూర్చుంటే పెద్దలు బల్ల పైన కూర్చోవడం ఎంత అన్యాయం! ఇది సమ్మిళితం ఎలా అవుతుంది? ఆయన కలం తీసి ఆ పూటే ఆదేశం రాశారు. వేదికని అలంకరించే ప్రముఖులు ఇక మీదట బల్ల కింద ఆసీనులవుతారు.

పెద్ద బల్లలు నాలుగైదు కలిపి వేశారు. కిందకి దూరేటప్పుడు ప్రోటోకాల్ దగ్గర తగువు వచ్చింది. ముఖ్య అతిథి మధ్యలో కూర్చోవాలి. మధ్యలో బల్ల కాలు ఉంది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి కాలికి అటుపక్క కూర్చుంటే అధ్యక్షుడికి ఎడమవైపు అవుతుందనీ, అది తన హోదాకి తగదనీ మోకాళ్ల మీద ఉండే వాదించారు. గౌరవ అతిథి గారి పంచె మేకుకి పట్టుకుంది. జ్యోతి ప్రజ్వలన బల్ల కిందే చెయ్యాలని ఒకరు పట్టుబడితే, బల్ల గుడ్డ అంటుకుంటుందని ఇంకొకరు అడ్డుపడ్డారు. చివరికి దీపం వెలిగించినట్టు భావించాలని రాజీకి వచ్చారు. భీమశంకరం గారు బల్ల కింద నుంచే మైకులో అందరికీ స్వాగతం పలికారు.

ఇంతమంది పెద్దవాళ్లు తన చోటులోకి వచ్చిపడేసరికి ధాత్రి మెల్లగా అవతలి పక్కనుంచి బయటికి పాకింది. వేదిక ఖాళీగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ధాత్రి వెళ్లి అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, కాళ్లూపుకుంటూ, సరిగ్గా కెమెరా ఉండాల్సిన వైపే చూస్తూ నవ్వింది.

"ఫోటో! ఫోటో తియ్యండి!" అని నేను అరిచాను.

ఫోటోగ్రాఫరు బల్ల కిందున్నాడు. ఆయన పాక్కుంటూ బయటికొచ్చేసరికి శాలువా లోపల ముఖ్య అతిథి గారి మోకాలి కింద ఉండిపోయింది. శాలువా దొరికేసరికి ధాత్రి కుర్చీలో లేదు.

ఆ రోజు మా అత్తగారు సుబ్బాయమ్మ గారు కూడా మాతో వచ్చారు. అంతవరకూ ఆవిడ, మనవరాలి సంగతి బయటికి తెలిస్తే పరువు పోతుందని, చుట్టాలొస్తే పిల్లని వెనక గదిలో కూర్చోబెట్టేవారు. చేసిన వంట వృథా కాకూడదన్నట్టు, మిగిలిపోయిన శాలువా ఆవిడకి కప్పి, ఆదర్శ నాయనమ్మ అని బిరుదు ఇచ్చారు. ఆవిడ ఫోటో మొదటిసారికే బ్రహ్మాండంగా పడింది. మర్నాటి నుంచి ఆవిడే, "ఏవే సులోచనా, మళ్లీ ఎప్పుడెళదాం?" అని నా వెంటపడ్డారు. ఆ ఒక్క విషయంలో కేంద్రం మేలు చేసిందని ఒప్పుకోవాలి. పిల్లని వెనక గదిలో కూర్చోబెట్టడం ఆగిపోయింది.

ఇలా సన్మానాలు పెరిగాయి. ఆమోదం మాత్రం పూర్తికాలేదు. బడి తెరవడానికి వారం కూడా లేదనగా నాకు ఓపిక నశించి, భీమశంకరం గారి గదిలోకి చొరబడ్డాను.

"సార్, నాకు శాలువాలొద్దు. నా పిల్ల గంట వినగానే రోడ్డు మీదకి పరిగెడుతోంది. దానికేం చెయ్యాలో మీ మేడమ్ గారిని బడికి పంపి చెప్పించండి. చాలు."

గదిలో ఉన్న సిబ్బంది అంతా నన్ను వింతగా చూశారు. భీమశంకరం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే చిన్నారిని మార్చమంటున్నారా?"

"మార్చమనలేదండి. బతికించమంటున్నాను."

"చూడమ్మా, పరుగు ఆ బిడ్డ స్వభావం. ఆపాలనుకోవడం అనామోదం కిందకి వస్తుంది. పరుగుని కూడా మనం ఆమోదించాలి." ఆయన ముఖం వెలిగిపోయింది. "బడి గేటు బయట రోడ్డు మీద స్వాగత తోరణం కడదాం! చిన్నారి పరిగెత్తుకుంటూ రాగానే రెండు వైపులా లారీలు నిలబడి హారన్లతో వందనం సమర్పిస్తాయి! పరుగుకే శాలువా! కదులుతుండగానే కప్పేద్దాం. ఫోటో కూడా ఎదురుగా నుంచి పడుతుంది!"

ఆయన వేళాకోళం ఆడటం లేదు. గుమాస్తా అప్పుడే కాగితం మీద లారీ యజమానుల సంఘం అని రాసుకుంటున్నాడు.

"లారీకి ఆమోదం తెలీదండి, సార్!" అని అరిచాను. "అది ఆగకపోతే మీరు ఎవరికి శాలువా కప్పుతారు?"

ఆయన నొచ్చుకున్నారు. నాలో ఆమోద భావం లోపించిందని నిర్ధారించి, అనామోదక తల్లుల పునశ్చరణ తరగతికి పంపారు. నాలాంటి తల్లులు మరికొందరు అప్పటికే అక్కడున్నారు. ఒకావిడ కొడుక్కి బొత్తాలు పెట్టుకోవడం నేర్పమని అడిగిందట. ఇంకొకావిడ కూతురు రాత్రంతా మేలుకుంటోంది, నిద్రకి ఏదైనా ఉపాయం చెప్పమందట. ఎవరి తప్పు వాళ్లం చెప్పుకున్నాం. బొత్తాలావిడ నాకు, కుక్కరు పెట్టేముందు పిల్లకి చెప్పి పక్క గదిలోకి పంపమని సలహా ఇచ్చింది. నేను నిద్ర పట్టని పిల్ల తల్లికి మా పిల్ల ఎలా పడుకుంటుందో చెప్పాను. ఆ కేంద్రంలో జరిగిన మొదటి కౌన్సెలింగ్ అదేనని నా ఉద్దేశం. అధికారులు గమనించలేదు కనక సాగింది. గమనించగానే వచ్చి మా అందరికీ శాలువాలు కప్పారు. నా బిరుదు పరివర్తిత మాతృమూర్తి.

శాలువా చంకలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే గ్రేస్ మాధురి వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ గొంతు సన్మానాలకి వ్యాఖ్యానం చేసి చేసి బొంగురుపోయింది.

"సోమవారం నాకు ఒంట్లో బాగోదండి" అంది.

"అయ్యో, ఏమైందండి?"

"ఏమీ కాలేదు. ఒంట్లో బాగోదని సెలవు పెడతాను. బడి తెరిచేది సోమవారమే కదా? పొద్దున్నే గేటు దగ్గరుంటాను. ఝాన్సీ మేడమ్‌కి చెప్పి ఉంచండి."

సోమవారం ఆవిడ వచ్చింది. శాలువా లేదు, మైకు లేదు. ధాత్రిని పలకరించలేదు, ముట్టుకోలేదు. కాస్త దూరంలో నేల మీద కూర్చుని, ధాత్రి ఎటు చూస్తే అటు చూస్తూ చాలాసేపు ఊరుకుంది. ఆ తరవాత ఝాన్సీ మేడమ్‌తో స్టాఫ్ రూములో కూర్చుని మాట్లాడింది. నేనూ ఉన్నాను. నేను ఇన్నాళ్లూ అడిగిన అరగంట అదే.

"ఆ ఇనప పట్టా మీద సుత్తితో కొట్టే గంట మనకి గంటేనండి. తనకది చెవిలో గునపం. పారిపోక ఏం చేస్తుంది? ముందు గేటుకి గొళ్లెం పెట్టించండి. గంట మానేసి, వరండాలో పచ్చజెండా ఊపితే పని జరగదా? తనని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఒక కర్టెన్ వేయించండి, పట్టుకుని కూర్చుంటుంది. చూడటం లేదని వినటం లేదనుకోకండి. తక్కిన పిల్లలకి దాచకుండా చెప్పండి, వాళ్లు అర్థం చేసుకుంటారు."

ఝాన్సీ మేడమ్ అంతా విని, "ఇంతేనా అండి? దీనికోసమా ఆ పిల్లని ఇంటికి పంపేద్దామనుకున్నాను?" అని తల పట్టుకున్నారు.

అంతా ఒక్క రోజులో కుదిరిపోలేదు. మొదటి వారంలో జెండా ఊపడం మరిచిపోయి ఎవరో పాత అలవాటున గంట కొట్టారు. ధాత్రి గేటు దాకా పరిగెత్తింది. గొళ్లెం ఉంది కనక అక్కడే కూలబడింది. ఇంకోరోజు కర్టెన్ ఉతకడానికి తీశారని పొద్దంతా ఏడ్చింది. కానీ నెల తిరిగేసరికి పొద్దున్నే తనే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడటం మొదలుపెట్టింది. మా ఆయన ఆ రోజు పప్పు పొట్లాలకి రబ్బరు బ్యాండ్లు వెయ్యడం మరిచిపోయి అందరికీ కారిపోయేలా ఇచ్చాడు.

ఇది ఇలాగే సాగిపోయేది, మా అత్తగారు లేకపోతే. నాయనమ్మల వారోత్సవంలో ముఖ్య అతిథిగా ఆవిణ్ని పిలిచి మైకిచ్చారు. ఆవిడ సంతోషం పట్టలేక, "మా మనవరాలు ఇప్పుడు బడికి కుదురుగా ఎళ్తందండి! అంతా మన గ్రేస్ మాధురమ్మ సలవేనండి!" అని చెప్పేశారు.

సభలో చప్పుడు లేకుండా చప్పట్లు ఊగాయి. వేదిక మీద భీమశంకరం గారి ముఖం మాడిపోయింది.

మర్నాడే గ్రేస్ మాధురికి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉన్నది ఉన్నట్టుగా ఆమోదింపబడిన బాలికను, శాఖ అనుమతి లేకుండా, అనారోగ్య సెలవులో ఉండి మార్చినందుకు తమపై చర్య ఎందుకు తీసుకోరాదు? మార్పు రుజువైతే ఆవిడ ఉద్యోగం పోతుంది. ధాత్రికి చేసిన సన్మానాలు చెల్లవు కనక, శాలువాలన్నీ వెనక్కి తీసుకుంటారు. అదీ సభ పెట్టి, మైకులో ప్రకటించి, భుజాల మీంచి ఒక్కొక్కటే తీస్తారు. అన్నిటికంటే నాకు భయం వేసింది ఆఖరి వాక్యం చదివినప్పుడు. విచారణ బడిలో, తరగతి గదిలోనే జరుగుతుందట. ఆ మేళం, ఆ మైకు మళ్లీ నా పిల్ల మీద పడితే, అతుక్కున్నదంతా విడిపోతుంది. ఆవిడకి ఉద్యోగం, నాకు పిల్ల చదువు, రెండూ ఒకే పూటలో పోయేలా ఉన్నాయి.

విచారణ రోజున నేనూ, గ్రేస్ మాధురీ ముందే బడికి చేరుకున్నాం. భీమశంకరం గారి కారు గేటు ముందు ఆగింది. వెనక వ్యానులో మేళం, ఫోటోగ్రాఫరు, గుమాస్తా. ఆయన దిగి, బొటనవేలితో మైకు తట్టి చూసుకున్నారు. ఝాన్సీ మేడమ్ గేటు లోపలి నుంచి గొళ్లెం తియ్యకుండానే మాట్లాడారు.

"రండి సార్. మైకు కారులో పెట్టి రండి. మేళం వాళ్లు చెట్టు కింద కూర్చుంటే మజ్జిగ పంపిస్తాను."

"ఇది శాఖాపరమైన విచారణ, మేడమ్!"

"ఇది బడండి."

డోలాయన అప్పటికే డోలు దించేసి చెట్టు వైపు నడుస్తున్నాడు. భీమశంకరం గారికి గత్యంతరం లేక మైకు వదిలి లోపలికి వచ్చారు. ఆయన గొంతు మైకు లేకపోయినా సభాగొంతే. తరగతి గుమ్మంలో నిలబడి, "విచారణ ప్రారంభిస్తున్నాను!" అన్నారు.

ధాత్రి చెవులు మూసుకుంది. గదిలో పిల్లలందరూ ఆయన వైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు. ఆయన జీవితంలో ఏ సభా ఆయన్ని అలా ఆపి ఉండదు. ఆయన నోరు మూసి, తెరిచి, బాగా తగ్గించిన గొంతుతో నన్ను అడిగారు.

"బాలిక నన్ను చూడటం లేదు."

"ఇదివరకూ చూసేది కాదండి."

"చెవులు మూసుకుంది."

"ఇదివరకూ మూసుకునేదండి."

"ఆ కర్టెన్ పట్టుకుని..."

"ఇంట్లోనూ అంతేనండి."

"మధ్యాహ్న భోజనం?"

"పెరుగన్నమేనండి."

ఆయన గుమాస్తా వైపు తిరిగారు. మార్పు లేదు అని గుమాస్తా రాసుకున్నాడు. భీమశంకరం గారు అయోమయంగా గది అంతా కలయజూశారు.

"మరైతే కుదురుగా ఎలా కూర్చుంది? ఏదో ఒకటి మారి ఉండాలి కదా?"

"గంట మారిందండి" అన్నాను. "గేటు మారింది. మేడమ్ గారు మారారు. ఈ పిల్లలు మారారు. నేనూ, మా అత్తగారూ మారాం. మా పిల్ల మాత్రం మీరు ఆమోదించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కావాలంటే చూసుకోండి."

ఆయన సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి తిరగేశారు. బిడ్డని మార్చకూడదని ఉంది. తక్కినవాళ్లని మార్చకూడదని ఎక్కడా లేదు. గంట ఆయన శాఖ పరిధిలోకే రాదు. గ్రేస్ మాధురి గోడకి ఆనుకుని నిలబడింది.

"అభియోగం నిలవదు" అన్నారు చివరికి, చిన్న గొంతుతో. "కౌన్సెలర్ గారు సెలవు పెట్టకుండానే ఈ పనులు చేసుకోవచ్చు. ఫైలు మూసేద్దాం."

గుమాస్తా ఫైలు చేతికిచ్చాడు. ఆయన కలం మూత తీసి, సంతకం పెట్టబోయి, పైన ఖాళీగా ఉన్న చోట ఆగిపోయారు. ఇన్ని సభల్లో ఆయన ఎప్పుడూ చిన్నారి అనీ, దివ్య బాలిక అనీ, ఆణిముత్యం అనీ అంటూ వచ్చారు. ఆయన నా దగ్గరికి ఒక అడుగు వేసి, సిగ్గుపడుతూ అడిగారు.

"పాప పేరేమిటమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఇన్ని శాలువాలు కప్పి, ఇన్ని బిరుదులిచ్చి, ఇప్పుడా అడగడం! నేను నోరు తెరిచేలోగా గదిలో పిల్లలందరూ, ఒక్కరూ గొంతు పెంచకుండా, గుసగుసగా చెప్పారు.

"ధాత్రి."

ధాత్రి చెవుల మీంచి చేతులు తీసి వాళ్ల వైపు తిరిగింది. నేను వరండాలోకి వచ్చి కడుపారా ఏడ్చాను.